జీతాల దగ్గర పార్టీలు లేవు



ఎమ్మెల్యేల జీతాల పెంపును తప్పుపట్టేవాళ్లంతా ఎదుటి పార్టీ మనుషులేనని గత సంచికలో ఒక పాఠకుడు రాశారు. నేను ఒప్పుకోను. 2025 మార్చి 21న కర్ణాటక శాసనసభలో ఏం జరిగింది? హనీట్రాప్ (వలపు వల) ఆరోపణల మీద గొడవ, స్పీకర్ మీదికి చింపి విసిరిన కాగితాలు, 18 మంది బీజేపీ సభ్యుల సస్పెన్షన్. ఆ గలాటాలోనే, చర్చ లేకుండా, ఎమ్మెల్యే జీతం నెలకు 40 వేల నుంచి 80 వేలైంది. ముఖ్యమంత్రిది 75 వేల నుంచి లక్షన్నరైంది. భత్యాలు వేరే. మా వడ్డహళ్లి మార్కెట్లో టమాటా ధర పడిపోయి రైతు పెట్టెలు పారబోసుకున్నప్పుడు ఈ తొందర ఎక్కడికి పోతుంది?

పార్టీ అభిమానమంటారా, మా ముల్బాగల్ నియోజకవర్గం సంగతే చూడండి. 2018లో స్వతంత్రుడిగా గెలిచిన హెచ్. నాగేశ్ 2019 జూన్‌లో కాంగ్రెస్-జేడీఎస్ ప్రభుత్వంలో మంత్రి. నెల తిరక్కముందే రాజీనామా. ఆగస్టులో బీజేపీ ప్రభుత్వంలో మంత్రి. 2023లో మహదేవపురలో కాంగ్రెస్ అభ్యర్థి. నాయకులు ఇంత సులువుగా మారుతుంటే, వాళ్ల కోసం ఇక్కడ అన్నదమ్ములు మాటలు మానుకోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

ఆ లేఖ రాసిన మిత్రుడికి ఒకటే మనవి: మీ ఎమ్మెల్యే ఊరికొస్తే దండ వేసేముందు ఆ జీతాల బిల్లు మీద చర్చ ఎందుకు అడగలేదో కనుక్కోండి. మా ఎమ్మెల్యేను మేమూ అడుగుతాం.

— ఒక పాఠకుడు, ఆవని, కోలారు జిల్లా