మన కుందేటికి నాలుగే కాళ్ళు

‘తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు’ అని మొండివాణ్ణి గురించి అంటారు. కుందేళ్ళ పెంపకం మాట వస్తే మనవాళ్ళు ఇలాగే రెండు జట్లవుతారు. లక్షలు రాలతాయనేవారు కొందరు, అదంతా మోసమనేవారు కొందరు. రెండూ సరి కాదంటాను నేను. మా ఇంట్లో రెండూ అనుభవమే గనుక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక కంపెనీ ఏజెంటు అనంతపురం జిల్లాలోని మా పల్లెకొచ్చి, అప్పు చేయించి మా నాయన చేత ముప్ఫై కుందేళ్ళు, ఇనుప బోనులు కొనిపించాడు. దాణా మేమిస్తాం, పిల్లల్నీ మేమే కొంటాం అన్నాడు. ఏడాది తిరక్కుండా వాళ్ళ ఆఫీసుకు తాళం పడింది. దాణా కొనే శక్తి లేక చావగా మిగిలినవి ఆరు. వాటిని బతికించింది మా అవ్వ.

చేలో తీసిన గరిక, తోటకూర, వేరుశనగ కట్టె, గుప్పెడు తవుడు. ఇదే అవ్వ దాణా. తడి మేతకు కడుపుబ్బుతుందని ఒక పూట నీడలో ఆరబెట్టి వేసేది. ఈనే కుందేలుకు పాత గంపలో ఎండుగడ్డి పరిచేది. ఆడదాన్నే మగదాని బోనులోకి చేర్చాలి, మగదాన్ని తెస్తే ఆడది కరుస్తుందని చూసి నేర్చుకుంది. జత కలిపిన నెల రోజులకు ఈత.

ఉత్త గరికతో ఎలా బతుకుతాయని నాయన అనుమానం. మనం జంతుశాస్త్రంలో మార్కుల కోసం బొమ్మ వేసే అంధనాళంలోనే ఉంది కిటుకు. అక్కడ పులిసి వచ్చిన మెత్తని పెంటికలను కుందేలు మళ్ళీ తిని బలం రాబట్టుకుంటుంది.

అలాగని అవ్వ చేసిందంతా ఒప్పని కాదు. తల్లి గంప దగ్గరికే పోవడం లేదని బలవంతంగా పట్టి పాలిప్పించేది. రోజుకొక్కసారి, నాలుగైదు నిమిషాలు ఇస్తే చాలునని పుస్తకంలో చదివి నేను చెప్పాను. తండ్రినే కూతుళ్ళతో కలపడం మాన్పించి, పక్క ఊరి నుంచి మగదాన్ని మార్పిడి చేయించాను. ఎండలకు మగదాని బీజం దెబ్బతింటుంది గనుక ఏప్రిల్, మే నెలల్లో జత కలపడం లేదు.

ఇప్పుడు మావి రెండు ఆడవి, ఒక మగది. దాణా మీద మూడు నెలల్లో తూగే రెండు కిలోలు మా మేత మీద ఐదు నెలలకు తూగుతున్నాయి. పోయినేడు ముప్ఫై పైచిలుకు పిల్లలు చేతికొచ్చాయి. సగం ఇంట్లో వండుకున్నాం, సగం ఊళ్ళో అమ్మాం. నాయన అప్పు వీటితో తీరలేదు, తీరదు కూడా. కానీ కొత్త అప్పు లేదు.

అందుకే నేననేది, మన చేలో మేత ఎంతో కుందేళ్ళూ అన్నే ఉండాలి. పెరటి కోళ్ళలాగా ఇంటికి ఆసరాగా ఉండాలి. పశుసంవర్ధక శాఖలో పనిచేసే మన పూర్వ విద్యార్థులకూ, అధ్యాపకులకూ ఒక మనవి. ఏ ఆకు ఎంత వేయాలో, ఏది వేయకూడదో మన అవ్వల్నడిగి, మన ప్రయోగశాలలో పరీక్షించి, నాలుగు పేజీలు తెలుగులో అచ్చు వేయించండి. ఏజెంటు మళ్ళీ ఊళ్ళోకి వచ్చేలోపు ఆ కాగితం రైతు చేతిలో ఉండాలి.

— ద్వితీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి