ఎవరూ చూడని వీధి

మా అన్నయ్య కూతురు విమానం దిగి బన్సీలాల్‌పేట్‌లోని మా ఇంటి గుమ్మం తొక్కేసరికి ఉదయం ఏడయింది. ఎనిమిదింటికల్లా మా వాకిట్లో ఆరేడుగురు ఆడవాళ్లం చేరిపోయాం. "ఏం తెచ్చినవ్ బిడ్డా?" అని ఒకరు. "ఆడ ఉల్లిగడ్డ కిలో ఎంతుంది?" అని ఇంకొకరు. అన్నం దొరికిందా, చలి ఎంత, చదువయ్యాక అక్కడే ఉద్యోగమిస్తారా, ఇస్తే జీతమెంత... పిల్ల ఓపిగ్గా అన్నింటికీ జవాబు చెప్పింది. చాక్లెట్లు పంచింది. అందరూ వెళ్లిపోయి, గిన్నెలు తోముకుంటుంటే అప్పుడు తట్టింది నాకు. ఆరు నెలలు పరాయి దేశంలో ఉండి వచ్చిన పిల్లను "ఏం చూశావే?" అని మాలో ఒక్కరం కూడా అడగలేదు. నేను సైతం!

దాని వయసు ఇరవై మూడు. కాలేజీ తరఫున ఒక సెమిస్టరు చదువుకోవడానికి ఆస్ట్రియా రాజధాని వియన్నా వెళ్లింది. సెలవుల్లో అక్కణ్ణుంచి రైలెక్కి బుడాపెస్ట్, ప్రేగ్ నగరాలు చూసొచ్చింది. ఒక్కతే. మా ఇంట్లో పాస్‌పోర్టు మీద ముద్ర పడిన మొదటి మనిషి అదే. అది వెళ్తానన్నప్పుడు అన్నయ్య ఒప్పుకోలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ అన్నయ్య వైపే ఉన్నాను. "పెళ్లయ్యాక మీ ఆయనతో కలిసి చూద్దువుగానిలే" అన్నాను. సరిగ్గా ఈ మాటే మా అమ్మ నాతో అంది, నేను కాలేజీ పిల్లలతో మద్రాసు వెళ్తానన్నప్పుడు. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి చూసిన అతి పెద్ద విదేశం షిర్డీ.

ఆ రాత్రి సిగ్గుపడుతూనే అడిగాను. అది నోటితో చెప్పకుండా ఒక రూళ్ల నోటు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "రోజూ రాసుకున్నా అత్తా. నువ్వు చదువు, నాన్నకివ్వకు" అంది. ఇప్పుడు మీకు చెబుతున్నవన్నీ దాని అనుమతితోనే!

రాజభవనాలుంటాయనుకున్నాను అందులో. షోన్‌బ్రున్ రాజప్రాసాదానికి అరపేజీ ఇచ్చింది, అంతే. బుడాపెస్ట్‌లో 1896 నుంచీ నడుస్తున్న భూగర్భ రైలు గురించి నాలుగు వాక్యాలు. ప్రేగ్‌లో 1410 నాటి గడియారం కింద జనంలో నిలబడి మెడ నొప్పెట్టిందనీ, రాళ్లు పరిచిన వీధుల్లో సూట్‌కేసు చక్రం ఊడిందనీ రాసింది. పేజీలకు పేజీలు నిండినవి మాత్రం వేరే సంగతులతో.

మొదటి వారంలో ఒక రోజు అది రాత్రి పదిన్నరకు ట్రామ్ దిగి గదికి నడిచి వెళ్లిందట. దారిలో ఒక ముసలావిడ కుక్కను తిప్పుతోంది. ఇద్దరమ్మాయిలు మెట్ల మీద కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. గదికి చేరాక దానికి ఒక సంగతి అర్థమైంది. ఆ దారి పొడవునా తను చున్నీ సర్దుకోలేదు, ఫోను చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటించలేదు, వెనక్కి తిరిగి చూసుకోలేదు. "ఎవరూ నన్ను చూడలేదు" అని రాసుకుని ఆ మాట కింద రెండు గీతలు గీసింది. ఆ గీతలు చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను. చున్నీ సర్దుకోవడం ఒక పని అనీ, దానికీ అలసట ఉంటుందనీ ఇన్నేళ్లలో నాకెప్పుడూ తోచలేదు.

వియన్నాలో ఇది దానంతటది జరిగిన విషయమేమీ కాదు. 1991లో అక్కడ నగరంలో ఆడవాళ్ల దినచర్య గురించి ఒక ఫోటో ప్రదర్శన పెట్టారు. బహిరంగ స్థలం ఎవరిది అన్నది దాని ప్రశ్న. దాని వెనకున్న వారిలో ఎవా కైల్ అనే ఆవిడ తర్వాత నగర పాలనలోనే ఉండి ఏళ్ల తరబడి ఇదే పని చేసింది. లెక్కలు తీస్తే తేలిందేమిటంటే, మగవాళ్ల ప్రయాణం ఎక్కువగా ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి. ఆడవాళ్లది అలా కాదు. బడికి, డాక్టరు దగ్గరికి, సరుకులకు, అత్తగారి దగ్గరికి, మళ్లీ బడికి... అదీ చాలావరకు నడిచీ, బస్సుల్లోనూ. మనకిది కొత్త సంగతి కాదు కదా! వాళ్లు చేసిందల్లా దాన్ని కాగితం మీద పెట్టి, ఆ కాగితాన్ని బట్టి కాలిబాటలు వెడల్పు చేయడం, చీకటి మూలల్లో దీపాలు పెట్టడం. 1990లలోనే ఆడ ఆర్కిటెక్టులతో 357 ఇళ్ల సముదాయం ఒకటి కట్టించారు. ఆవరణలోనే శిశు పాఠశాల, వంటింట్లోంచి చూస్తే కనబడే ఆటస్థలం, పిల్లల బండి పెట్టుకోవడానికి చోటు.

పార్కుల సంగతి ఇంకా బాగుంటుంది. తొమ్మిదేళ్లు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం మానేస్తున్నారని గమనించారట. కారణం వెతికితే, మైదానం మధ్యలో మగపిల్లలు బంతాడుతుంటే వీళ్లకు చోటు మిగలడం లేదు. 1999లో రెండు పార్కుల్ని మార్చారు. లోపల దారులు వేశారు, ఒకే పెద్ద మైదానాన్ని చిన్నచిన్న భాగాలుగా విడదీశారు, వాలీబాల్‌కు, బాడ్మింటన్‌కు చోటిచ్చారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. ఈ ముక్క చదివాక మా ఇంటి దగ్గరి ఆటస్థలం వైపు వెళ్లి చూశాను. ఇరవై మంది పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఆడపిల్లలు ఇద్దరే. వాళ్లు కూడా తమ్ముళ్లను ఆడించడానికి వచ్చినవాళ్లు.

నోటు పుస్తకంలో నీళ్ల గురించి కూడా ఉంది. వియన్నాకు 1873 నుంచి కొండల్లోని ఊటల నీరు గొట్టాల ద్వారా వస్తోంది. పంపులక్కర్లేకుండా పల్లానికి పారుతూ వస్తుంది. 1910లో రెండో గొట్టం వేశారు. వీధి కొళాయి దగ్గర దోసిలి పట్టి తాగొచ్చు. మా పిల్ల సీసా కొనడం మానేసింది. అయితే నీళ్లు తాగాక మిగతా అవసరం కూడా ఉంటుందిగా! దానికి మాత్రం చాలా చోట్ల అర యూరో చేతిలో పట్టుకోవాలి. యాభై రూపాయల లెక్క! "మొదట్లో పీనాసితనంతో నీళ్లు తాగడం తగ్గించాను" అని రాసింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు ఆగింది కూడా. మోండా మార్కెట్‌కు వెళ్లే రోజున పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా బయలుదేరే ఆడవాళ్లం ఎంతమందిమి లేము? డబ్బులిస్తామన్నా తలుపున్న చోటు దొరకకే కదా!

ఇంతవరకు చదివితే అదంతా స్వర్గమని మీరనుకోవచ్చు. నోటు పుస్తకంలో మూడో నెల వేరేగా ఉంది. ఒక దుకాణంలో చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పడేశారట. బుడాపెస్ట్‌లో ఎవడో దాటిపోతూ ఏదో అన్నాడు. భాష రాకపోయినా ఆ గొంతు అర్థమైంది. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి. ఒక రోజు పరీక్ష పోయిందన్న బెంగతో ట్రామ్‌లో కూర్చుని ఏడ్చిందట, స్టాపు తర్వాత స్టాపు. ఎదురుగా ఉన్నవాళ్లు పేపరు చదువుకుంటున్నారు. "ఇవాళ కూడా ఎవరూ నన్ను చూడలేదు" అని రాసింది. ఈసారి కింద గీతలు లేవు.

ఆ తర్వాతి వారం దానికి జ్వరమొచ్చింది. రెండు రోజులు గదిలో బ్రెడ్డు తిని పడుకుంది. మాకు చెప్పలేదు. అదే మా సందులో అయితే దగ్గు వినబడగానే నాలుగిళ్ల నుంచి మిరియాల చారు వచ్చేది. ఆ నాలుగిళ్ల వాళ్లే, అది ఏ టైముకు ఇంటికొచ్చిందో, ఎవరి బండి మీద దిగిందో కూడా చెప్పగలరు. చారు పంపే కన్నూ, కాపలా కాసే కన్నూ ఒకటే అయినప్పుడు ఆడపిల్ల ఏది కోరుకోవాలి? నాకు తెలియదు. పుస్తకంలో అదీ తేల్చుకోలేదు. తేల్చుకోనందుకే నాకా పుస్తకం నచ్చింది.

ఇలా వెళ్లి వచ్చి రాసుకున్న వాళ్లు మనకు లేకపోలేదు. పోతం జానకమ్మ రాఘవయ్య అనే ఆవిడ 1870లలో మద్రాసు నుంచి ఓడలో ఇంగ్లండు వెళ్లి, చూసింది తెలుగులో రాసుకుంది. 1876లో అది ఇంగ్లీషులోకి మారి మద్రాసులోనే పుస్తకమైంది. మన హైదరాబాదు పిల్ల సరోజిని 1895లో పదహారేళ్లకే నిజాం విద్యార్థి వేతనంతో లండన్ వెళ్లింది. కింగ్స్ కాలేజీలోనూ, కేంబ్రిడ్జిలోని గర్టన్‌లోనూ చదువుకుంది. మధ్యలో ఇటలీ చూసొచ్చింది. అక్కణ్ణుంచి రాసిన ఉత్తరాల్లో కొన్ని ముక్కల్ని ఆర్థర్ సైమన్స్ 1905లో వచ్చిన ఆమె తొలి కవితల పుస్తకం ముందుమాటలో చేర్చాడు. అలా చేర్చాడు కాబట్టి ఆ పడుచుపిల్ల ఇటలీని ఎంత సంబరంగా చూసిందో మనకు దక్కింది. లండన్‌లో ఎడ్మండ్ గాస్ అనే పెద్దమనిషి ఆమె మొదటి కవితలు చూసి, ఇంగ్లీషు పిట్టలూ పూలూ వద్దు, నీ దేశం గురించి రాయమన్నాడట. ఆ సలహా ఆమెకు మేలే చేసిందంటారు. నాకు మాత్రం చిన్న కోపం ఉంది. వాళ్లు మన ఊరొచ్చి మన గురించి రాసుకోవచ్చు గానీ, మన పిల్ల వాళ్ల ఊరి గురించి రాయకూడదా? 1898లో తిరిగొచ్చి ఆమె తన మనసుకు నచ్చిన డాక్టరు గోవిందరాజులు నాయుడిని కులం కాని పెళ్లి చేసుకుంది. ఆమెను ఇంగ్లండు పంపించడంలో ఆ ప్రేమను మరిపించాలన్న ఆలోచన కూడా ఉందంటారు. దూరం పంపితే పిల్లలు మారిపోతారని భయపడే తల్లిదండ్రులు, దూరం పంపినా మారని ఈ పిల్లను కాస్త గుర్తుంచుకోవాలి.

పెళ్లి మాట వచ్చింది కాబట్టి చెప్పేస్తాను. మా పిల్ల వచ్చిన పదో రోజున ఒక సంబంధం వచ్చింది. చదువు, ఎత్తు, కులం, అన్నీ కుదిరాయి. మూడో రోజున మధ్యవర్తి ఫోన్ చేసింది. "అమ్మాయి ఊళ్లన్నీ ఒక్కతే తిరిగొచ్చిందటగా... వాళ్లు కొంచెం ఆలోచిస్తున్నారు" అంది. పెళ్లికొడుకు కూడా రెండేళ్లు సింగపూర్‌లో ఒక్కడే ఉన్నాడు. దాన్ని వాళ్లు బయోడేటాలో మొదటి వరుసలో రాశారు! అన్నయ్య ముఖం వాడిపోయింది. "నేను ముందే చెప్పాను" అన్నట్టు నా వైపు చూశాడు. ఎప్పుడూ అన్నయ్య మాటకు ఎదురు చెప్పని నేను ఆ రోజు, "వాళ్లను బాగా ఆలోచించుకోనీ, మనం కూడా ఆలోచిద్దాం" అన్నాను. పిల్ల లోపల్నుంచి వింటోందని నాకు తెలుసు. ఒక సంబంధం తప్పిపోవడం నవ్వుకునే విషయం కాదు. మా వదిన ఆ రాత్రి అన్నం తినలేదు.

మా పేటలో నాగన్నకుంట అనే మెట్ల బావి ఉంది. పదిహేడో శతాబ్దం నాటిదంటారు. చాలా ఏళ్లు అది చెత్తతో పూడిపోయి ఉండేది. తరవ్వగా తరవ్వగా లారీల కొద్దీ చెత్త పోయి మెట్లు బయటపడ్డాయి, నీళ్లు ఊరాయి. 2022 డిసెంబరులో ప్రారంభోత్సవం చేశారు. అప్పట్నుంచీ ఎక్కడెక్కడివాళ్లో కెమెరాలు వేసుకుని మా పేటకు రావడం మొదలుపెట్టారు. మొన్న ఒక పరదేశీ అమ్మాయి వీపు మీద సంచీతో ఒక్కతే వచ్చి మెట్ల మీద కూర్చుని ఏదో రాసుకుంటోంది. మా సందులో ఆడవాళ్లంతా ముచ్చటపడ్డారు. "ఎంత ధైర్యమో సూడు పిల్లకు!" అంది మా పక్కింటామె. మా మేనకోడలి గురించి అటుపక్క చేరి గుసగుసలాడింది కూడా ఈమే.

కిందటి శనివారం మా పిల్ల నన్నొక పని అడిగింది. "అత్తా, రాత్రి తొమ్మిదింటికి గాంధీ హాస్పిటల్ మెట్రో నుంచి ఇంటిదాకా నడుద్దాం. ఆటో వద్దు" అంది. ఆ స్టేషను 2020 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో ఎన్నిసార్లు దిగానో లెక్కలేదు, రాత్రిపూట అక్కణ్ణుంచి నడిచింది మాత్రం సున్నా. 2023 డిసెంబరులో మనకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేకుండా తిరిగే వీలొచ్చింది. మంచిదే. కానీ బస్సు దిగాక ఇంటిదాకా ఉండే ఆ పావుగంట దారి సంగతి ఎవరు చూడాలి?

నడిచాం. అది నోటు పుస్తకం తెచ్చుకుంది. వెలగని దీపాలు మూడు. కాలిబాట మీద బళ్లు పెట్టేసి ఉండడంతో రోడ్డు మీదికి దిగాల్సిన చోట్లు పదకొండు. పాన్ డబ్బా దగ్గర ఐదుగురు మగవాళ్లు మాట ఆపి మేం దాటేదాకా చూశారు. నా చెయ్యి దానంతటదే పైటకొంగు మీదికి పోయింది. పిల్ల అది చూసి ఏమీ అనలేదు, రాసుకుంది. బడ్డీకొట్టు ముందు స్టూలు వేసుకుని ఒక పెద్దామె కూర్చుని ఉంది. అక్కడ మాత్రం ఎందుకో మా ఇద్దరి నడకా నెమ్మదించింది.

మా సందు మొగలో పక్కింటామె ఎదురైంది. "ఇంత రాత్రి ఎక్కడికెళ్లొస్తున్నరు? ఎవరికన్నా బాగలేదా?" అని కంగారుపడింది.

"అందరూ బాగున్నారు. ఊరికే నడిచొచ్చాం" అన్నాను.

ఆమె ఇంకా ఏదో అడగబోయి ఆగింది. మా పిల్ల చేతిలో పుస్తకం వైపు చూసి, "ఏం రాస్తున్నవే?" అని అడిగింది. పిల్ల అక్కడే అరుగు మీద కూర్చుని మొదటి పేజీ తీసింది.