ఓడలో వేడి ఎటు పోతుంది?

అంతరిక్ష నౌకలు గీయడం ఇవాళ ఎవరైనా ఇంట్లో కూర్చుని పెంచుకోగల కళ. అందుకు బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌కు రుణపడి ఉండాలి. దాన్ని నడిపిన కంపెనీ మూతపడ్డాక 2002లో దాని సృష్టికర్త టోన్ రోజెండాల్ లక్ష యూరోల చందాలు పోగుచేసి ఆ సాఫ్ట్‌వేర్‌ను విడిపించి, అందరికీ ఉచితం చేశాడు. లాత్వియా చిత్రం ‘ఫ్లో’ దానితోనే తయారై 2025లో ఆస్కార్ అందుకుంది. కాబట్టి పనిముట్లకు లోటు లేదు. అయినా చాలా నౌకలు ఒక్క తీరునే ఉంటున్నాయి. బూడిదరంగు దిమ్మ, వెనక నీలి మంటలు, ఒళ్లంతా అతికించిన పెట్టెలూ గొట్టాలూ. మౌస్ పట్టుకునే ముందు ఆ ఓడలో పుట్టే వేడి ఎటు పోతుందని అడగాలన్నది నా వాదన. దానికి జవాబు వెతికితే రూపం చాలావరకు తానే తేలుతుంది.

శూన్యంలో వేడిని మోసుకుపోయే గాలి ఉండదు. ఫ్లాస్కులో కాఫీ గంటల తరబడి వేడిగా ఉండేది గోడల మధ్య గాలి తీసేయడం వల్లే. ఓడకు కూడా వేడిని వికిరణంగా వెదజల్లుకోవడం తప్ప దారి లేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సౌర ఫలకాలతో పాటు తెల్లటి రేడియేటర్ పలకలు ఉన్నది ఇందుకే. అమ్మోనియా లోపలి వేడిని వాటిలోకి తెస్తుంది. ఇక అణు ఇంజిను పెట్టారంటే గీసేవాడికి అసలు పని మొదలవుతుంది. కెల్విన్లలో పలక ఉష్ణోగ్రత రెట్టింపైతే అది వదిలే వేడి 16 రెట్లవుతుంది. అంటే పలకలు చిన్నవిగా కావాలంటే ఎర్రగా కాలాలి, చల్లగా కావాలంటే తెరచాపల్లా పరుచుకోవాలి. రెండు పలకలను ఎదురెదురుగా నిలిపితే ఒకదాని వేడిని ఇంకొకటి తాగుతుంది. రియాక్టరు రేడియేషన్ సిబ్బందిని తాకకుండా మధ్యలో పొడవాటి వెన్ను కావాలి. రంగు, నిడివి, ఏ భాగం ఎక్కడుండాలన్నది, అన్నీ ఈ లెక్కలోంచే వస్తాయి.

ఇది కళ, ఇంజినీరింగ్ పరీక్ష కాదు కదా అనేవాళ్లున్నారు. వాళ్ల చేతిలో గట్టి సాక్ష్యమే ఉంది. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ కోసం నాసాలో పనిచేసిన ఫ్రెడరిక్ ఆర్డ్‌వే, హ్యారీ లాంగే డిస్కవరీ నౌకను రూపొందించారు. తొలి నమూనాల్లో రేడియేటర్లు ఉన్నాయి. ప్రేక్షకులు వాటిని రెక్కలనుకుంటారని చివరికి తీసేశారు. కానీ తెలిసి తీసేయడం వేరు, తెలియక వదిలేయడం వేరు. సిబ్బంది గోళం ఒక కొసన, ఇంజిన్లు మరో కొసన, నడుమ ఆ పొడవాటి వెన్ను అలాగే నిలిచాయి. అందుకే ఆ ఓడను ఈనాటికీ నమ్ముతాం. ‘స్టార్ ట్రెక్’ ఎంటర్‌ప్రైజ్ ఇంజిన్లు పూర్తిగా కల్పితం. అయినా దాని రూపకర్త మాట్ జెఫ్రీస్ అంత శక్తిమంతమైనవి మనుషులకు ఎడంగా ఉండాలనుకున్నాడు, మరమ్మతులు లోపలి నుంచే జరగాలని పైతొడుగును నున్నగా ఉంచాడు. శాస్త్రం కల్పితమైనా కారణం గట్టిది. 1977లో ‘స్టార్ వార్స్’ బృందం ట్యాంకులు, విమానాల ప్లాస్టిక్ కిట్ల ముక్కలు ఓడలకు అతికించింది. బల్లమీది నమూనా తెరమీద మహాకాయంగా కనబడాలన్నది వాళ్ల అవసరం. ఈనాటి అభిరుచి కళాకారులు చాలామంది ఆ ముక్కల్ని తీసుకుని అవసరాన్ని వదిలేశారు.

వెలుగుకూ ఇదే మాట. బ్లెండర్‌లో సూర్యుడి దీపానికి కోణం మొదటే సుమారు అర డిగ్రీ ఉంటుంది, భూమి నుంచి సూర్యబింబం కనిపించేది అంతే. ఓడను బృహస్పతి దగ్గర పెట్టి ఆ అంకెను అలాగే వదిలేస్తే నీడల అంచులు అబద్ధమాడతాయి. అక్కడ సూర్యుడు పదోవంతు డిగ్రీ, వెలుగు ఇక్కడి దానిలో 27వ వంతు. ఇంత శ్రమ దేనికి, కృత్రిమ మేధ క్షణంలో గీసిపెడుతుంది కదా అంటారు. అందమైన బొమ్మ వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ అది ఒక్క వైపు నుంచి చూసిన ఓడ. దాని వెనక ఏముందో గీయమన్నవాడికీ తెలియదు. మోడల్ కట్టినవాడు దాన్ని తిప్పి చూస్తాడు. మైనస్ 253 డిగ్రీల దగ్గర నిలవాల్సిన ద్రవ హైడ్రోజన్ ట్యాంకులను ఎర్రగా కాలే పలకల పక్కనే పెట్టానని గమనిస్తాడు. వెన్నును ఇంకొంత సాగదీసి, ట్యాంకులను ముందుకు జరిపి, మళ్లీ రెండర్ చేస్తాడు.