కొండదారిలో దారి చెప్పే పెట్టె

పిల్లలూ, విశాఖపట్నం వచ్చే ఓడలకు డాల్ఫిన్స్ నోస్ కొండమీద దీపస్తంభం ఉంది. చీకట్లో నావికుడు దాన్ని చూసి రేవు ఎటో తెలుసుకుంటాడు. మరి అరకు కొండల్లో మోటారు సైకిలు మీద పోయేవాడికి ఏది గుర్తు?

ఈ ప్రశ్న ఉక్కునగరం కుర్రవాడొకడు తెచ్చాడు. వాళ్ళ చిన్నాన్నకు సెలవు దొరికితే చాలు, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాటు ఎక్కి, తారు రోడ్డు వదిలి మట్టిబాట పడతాడు. ఒకనాటి సాయంత్రం మంచు కమ్మింది. సెల్‌ఫోనులో పటం మాయమై, ఖాళీ తెరమీద నీలిచుక్క ఒక్కటే మిగిలింది. బాట రెండుగా చీలిన చోట ఎటు పోవాలో తెలియక, ఒక రైతు వచ్చి దారి చూపేదాకా గంటసేపు నిలబడ్డాడట.

"కొండల్లోకి ఉపగ్రహం అందదటగా, మాస్టారూ! చిన్నాన్న ఇప్పుడు జి.పి.ఎస్. పెట్టె కొంటాడట. డబ్బు దండగ కాదూ?" అన్నాడు వాడు.

"అందకపోతే ఆ నీలిచుక్క ఎలా వచ్చిందిరా?" అన్నాను. వాడు తెల్లబోయాడు.

చూడండి, ఇందులో రెండు వేరువేరు సంగతులున్నాయి. మనం ఎక్కడున్నామో తెలిసేది ఉపగ్రహాల వల్ల. జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తామెక్కడున్నదీ, తమ గడియారంలో వేళ ఎంతైందీ రేడియో ద్వారా చెబుతూ ఉంటాయి. ఆ కబురు మనకు చేరటానికి సెకనులో దాదాపు పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యమైతే అంత దూరమన్నమాట. అలా నాలుగు ఉపగ్రహాల కబుర్లు అందితే మన చోటు తేలిపోతుంది. మూడు చాలవా అంటారేమో! మన పెట్టెలోని గడియారం చౌకరకం. దాని తప్పు దిద్దటానికి నాలుగోది కావాలి. సెకనులో పదిలక్షల వంతు తేడా వస్తే 300 మీటర్లు తప్పినట్టే. ఇలాంటి ఉపగ్రహాలను మన దేశమూ పంపింది. మొదటిది 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి ఎగిరింది.

వీటికి సెల్ టవరుతో పని లేదు. టవరు ద్వారా వచ్చేది పటం. అందుకే చిన్నాన్నకు చుక్క మిగిలి, పటం పోయింది.

కనుక కొట్లో మొదట అడగవలసిన మాట, "పటం పెట్టెలోనే ఉందా?" అని. ఆ మాటకొస్తే ఫోనులోనూ ఇంటిదగ్గరే పటం దింపుకుని పోవచ్చు. అది విని కుర్రవాడు డబ్బు మిగిలిందని సంబరపడ్డాడు. కాని తొడుగు వేసుకున్న వేలికి ఫోను తెర సరిగా పలకదు. బండి అదురుకు కొన్ని ఫోన్ల కెమేరాలు చెడిపోతాయి. ఇక వాన సంగతి సరేసరి. పెట్టె మీద ఐ.పి.ఎక్స్.7 అని ఉంటే, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా పాడుకాదని అర్థం.

గార్మిన్ వారి జుమో రకం హ్యాండిలుకు బిగించేది. బండి బ్యాటరీతో నడుస్తుంది. ఈట్రెక్స్ చేతిలో ఇమిడేది. చాలా నమూనాలకు రెండు సెల్సు చాలు, మీటలు నొక్కాలి. మట్టిబాట ఒక్కోసారి పటంలోనే ఉండదు. అప్పుడు పనికొచ్చేది, పెట్టె తనంతట తాను గీసుకునే మనం వచ్చిన దారి గీత. దానిమీదే వెనక్కి రావచ్చు. బండి మొరాయించి నడవవలసివస్తే చేతిపెట్టె వెంట వస్తుంది. అందుకే నేను ఈట్రెక్స్ చాలునన్నాను. చిన్నాన్నకు మాత్రం పెద్ద తెర మీద మోజు!

బొర్రా గుహలో దూరితే మాత్రం ఏ పెట్టైనా గుడ్డిదే. ఆ రేడియో కబురు బహు బలహీనం, అంత రాతిని దాటి రాలేదు.

మీరూ ఒక పరీక్ష చెయ్యండి. పెద్దలనడిగి ఫోనులో మీ ఊరి పటం తెరిచి, విమానం గుర్తు నొక్కి, బస్సులో కిటికీ పక్కన కూర్చోండి. చుక్క కదిలిందో లేదో నాకు ఉత్తరం రాయండి.