నేరం చెవిది, శిక్ష నోటికి

‘వాళ్ళ మాట సగం అర్థం కాదండీ, అక్షరాలు మింగేస్తారు, గబగబా మాట్లాడేస్తారు.’ శ్రీకాకుళం మాట గురించైనా, ఆదిలాబాద్ మాట గురించైనా, అనంతపురం మాట గురించైనా బయటివాళ్ళ తీర్పు ఇంచుమించు ఇదే. దాని వెనకాలే ఒక సలహా: అందరికీ తెలిసేలా మంచి తెలుగులో మాట్లాడొచ్చు కదా! భాషాభిమానులమని చెప్పుకునేవాళ్ళు కూడా ఈ సలహా ఇస్తారు. అర్థం కాకపోవడం అబద్ధమని నేననను. దానికి చెప్పే కారణమే తప్పంటాను. లోపం పలికే నోట్లో ఉందనడం, కష్టపడటం ఇష్టంలేని చెవి రాసుకున్న తీర్పు.

ముందు మింగేయడం సంగతి చూద్దాం. రాయలసీమలో ‘వచ్చినాడు’ అంటారు, తెలంగాణలో ‘వచ్చిండు’, కృష్ణా గుంటూరుల్లో ‘వచ్చాడు’. వీటిలో పాత తెలుగు రూపానికి దగ్గరగా నిలిచింది సీమ మాట. అందులో ఉన్న నకారం కోస్తా మాటలో జారిపోయింది. పైగా కోస్తాలో చాలామంది ‘వచ్చాడు’ అన్నప్పుడు ‘చా’ దగ్గర పలికేది నిఖార్సయిన ‘ఆ’ కాదు, ‘ఏ’ కూడా కాదు. ఆ రెంటికీ మధ్యన ఉండే ఆ అచ్చుకి మన వర్ణమాలలో అక్షరమే లేదు. అంటే ప్రమాణమని నెత్తిన పెట్టుకున్న మాట కూడా అక్షరం మింగుతుంది, రాతకి లొంగకుండా పలుకుతుంది. అది యాస అని ఎవరికీ తోచదు. పుట్టినప్పటినుంచి విన్నదే కాబట్టి దాని మింగుడు మనకి వినపడదు.

వేగం మీద ఫిర్యాదూ ఇలాంటిదే. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కాగితం మీదే ఉంటుంది. నోటినుంచి వచ్చే ధ్వని తెగకుండా సాగుతుంది. ఎక్కడ ఒక మాట ముగిసిందో, ఎక్కడ ఇంకోటి మొదలైందో తెంచుకోవాల్సింది వినేవాడే. అలవాటైన పలుకైతే ఆ పని మన ప్రమేయం లేకుండా జరిగిపోతుంది. అలవాటు లేని పలుకులో ఒక్క మాట దగ్గర తడబడితే చాలు, తేరుకునేలోగా నాలుగు మాటలు దాటిపోతాయి. వెనకబడింది మనం, పరిగెత్తాడన్న నింద అవతలివాడికి.

తడబాటు ఎక్కడ వస్తుందో కూడా చెప్పొచ్చు. మాటని పోల్చుకోవడానికి దాని మొదటి ధ్వని పెద్ద ఆధారం. ఉత్తర తెలంగాణలో ‘వచ్చిండు’ కాస్తా ‘అచ్చిండు’ అవుతుంది. ఉత్తరాంధ్రలో ‘చెప్పు’ ‘సెప్పు’ అవుతుంది. మొదటి అడుగే మారితే కొత్తవాడు ఆగుతాడు. దీనికి తోడు పదాలు వేరు: ఒకరి ఉల్లిపాయ ఇంకొకరికి ఉల్లిగడ్డ, మరొకరికి ఎర్రగడ్డ. తెలంగాణలో బొక్క అంటే ఎముక, కోస్తాలో కన్నం. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. అయితే ప్రతి మార్పుకీ ఒక పద్ధతుంది. ‘చ’ ఎక్కడ ‘స’ అవుతుందో నాలుగుసార్లు వింటే అయిదోసారి చెవి దానంతటదే సర్దుకుంటుంది. పదం తెలియకపోతే ఒక్కసారి అడిగితే తీరిపోతుంది.

ఇక అసలు ప్రశ్న. కష్టం నిజంగా ధ్వనిలోనే ఉంటే అది రెండువైపులా సమానంగా ఉండాలి. విజయవాడ మనిషికి కరీంనగర్ మాట ఎంత కష్టమో, కరీంనగర్ మనిషికి విజయవాడ మాట అంతే కష్టం కావాలి. అలా ఉందా? కరీంనగర్ మనిషి విజయవాడ తెలుగుని అనువాదకుడు లేకుండా వింటాడు, చదువుతాడు, అవసరమైతే మాట్లాడతాడు. తిరుగుదారిలోనే ముళ్ళున్నాయి.

దీనికి కారణం చరిత్రలో ఉంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు నేలని మాండలికాలను బట్టి పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విభజించారు. ఇవాళ మనం ప్రమాణమనుకునే భాష ప్రధానంగా మధ్య మండలానిది, అంటే కృష్ణా గోదావరి ప్రాంతాలది. ఆ మాటకి అచ్చు దొరికింది, మద్రాసు సినిమా దొరికింది, 1948లో విజయవాడ ఆకాశవాణి దొరికింది. అదే కాలంలో నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలో సాగింది. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా భాష కూడా అదే. 1956లో రెండు ప్రాంతాలూ ఒకటయ్యాక పాఠ్యపుస్తకం, పత్రిక, వెండితెర ఒకే వైపునుంచి మాట్లాడాయి. ఒక ప్రాంతం చెవికి దశాబ్దాల శిక్షణ దొరికింది, ఇంకో ప్రాంతం చెవికి ఆ అవసరమే రాలేదు. వినిపించిన కాస్త కూడా ఎలా వినిపించింది? సినిమాల్లో ఏళ్ళతరబడి తెలంగాణ, సీమ, ఉత్తరాంధ్ర మాటలు విలన్లకీ, హాస్యగాళ్ళకీ, పనివాళ్ళకీ దక్కాయి. అర్థం చేసుకోవడం కంటే ముందు నవ్వడం అలవాటు చేశారు.

ముందే పడిన ముద్ర వినికిడిని ఎంత చెడగొడుతుందో అమెరికాలో డొనాల్డ్ రూబిన్ అనే పరిశోధకుడు 1992లో చూపించాడు. ఒకే అమెరికన్ గొంతులో రికార్డు చేసిన పాఠాన్ని రెండు విద్యార్థి బృందాలకి వినిపించాడు. ఒక బృందానికి తెల్లజాతి మహిళ ఫొటో, రెండో బృందానికి ఆసియా మహిళ ఫొటో చూపించాడు. గొంతు ఒకటే అయినా ఆసియా ముఖం చూసినవాళ్ళకి పాఠం తక్కువ అర్థమైంది, లేని విదేశీ యాస వినిపించింది. ‘ఈ మనిషి మాట మనకి తెలియదు’ అని ముందే తలుపు మూసుకున్న చెవికి తెలిసిన మాట కూడా తెలియదు.

తలుపు తీస్తే ఎంతసేపు పడుతుంది? క్లార్క్, గారెట్ అనే పరిశోధకులు 2004లో ఆ లెక్కా తీశారు. విదేశీ యాసలో ఇంగ్లీషు వింటున్నవాళ్ళు మొదట నెమ్మదించినా, ఒక్క నిమిషం విన్నాక ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది. పరాయి యాసకే అంత తొందరగా చెవి లొంగితే, సొంత భాషలోని పలుకుకి లొంగదా?

యంత్రాల సంగతి మరీ స్పష్టం. 2020లో అమెరికాలో అయిదు పెద్ద కంపెనీల మాట గుర్తింపు సాఫ్ట్‌వేర్లని పరీక్షించారు. తెల్లవాళ్ళ మాటల్లో నూటికి సగటున 19 తప్పుగా రాస్తే, నల్లవాళ్ళ మాటల్లో 35 తప్పుగా రాశాయి. యంత్రానికి కులం లేదు, ప్రాంతాభిమానం లేదు. దానికి వినిపించినదేదో అదే వచ్చు, అంతే. మనిషి చెవి సంగతీ ఇంతే, కాకపోతే మనిషి తన లోటుకి ‘స్వచ్ఛత’ అని పేరు పెట్టుకుంటాడు.

‘అందరికీ ఒక ఉమ్మడి భాష వద్దా?’ అని అడుగుతారు. కావాలి. మందు సీసా మీది సూచనకీ, చట్టానికీ, వార్తకీ ఉమ్మడి రాత అవసరమే. కానీ రాతకి ఒప్పందం చేసుకోవడం వేరు, మనిషి నోరు తెరవగానే దిద్దడం వేరు. రాతని వాడుకకి దగ్గర చేయాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్ళ కోసం పుస్తకాలు తయారుచేశాడు. మీ మాట నాకర్థం కాదు, మీరే మారండి అని ఆయన అనలేదు. తెలుగు కుటుంబానికే చెందని భాషకి ఆయన చెవినిచ్చాడు. పక్క జిల్లా తెలుగుకి మనం ఇవ్వలేమా?

ఇవ్వగలమని ప్రేక్షకులు ఈమధ్య చూపించారు కూడా. తమిళనాడులో పెరిగిన నటి సాయి పల్లవి 2017లో ‘ఫిదా’ సినిమా కోసం తెలంగాణ మాట నేర్చుకుని సొంత గొంతుతో చెప్పింది, రెండు రాష్ట్రాలూ చూశాయి. ‘కేరాఫ్ కంచరపాలెం’లో విశాఖ మాట, ‘పుష్ప’లో చిత్తూరు మాట, ‘బలగం’లో తెలంగాణ మాట ఎవరూ తర్జుమా చేయలేదు.

కాబట్టి పని పెట్టాల్సింది చెవికి. తెలుగు వాచకంలో ప్రతి తరగతికీ నాలుగు మండలాల మాటలూ వినే పాఠం పెట్టాలి. వేరే ప్రాంతానికి బదిలీ అయిన డాక్టరుకీ, పోలీసుకీ అక్కడి మాట నేర్పాలి. కడుపునొప్పి ఎలా ఉందో, దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పే మనిషి భాష మార్చుకుని రాలేడు. తెలుగు వినే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళు పలాసలోనూ, ఆదోనిలోనూ, బాన్సువాడలోనూ గొంతులు సేకరించాలి. ఇవేవీ జరగకముందు కూడా ఎవరైనా చేయగలిగింది ఒకటుంది. అర్థం కాకపోతే ‘మళ్ళీ చెప్పండి’ అని అడగొచ్చు, అందులో తప్పు లేదు. ‘సరిగ్గా మాట్లాడు’ అనే హక్కు మాత్రం ఎవరికీ లేదు.