అది నీటి మీద బండి కాదు

కోయిలకుంట్ల కుర్రాళ్లకు బండి నడపడం ఎవరూ పనిగట్టుకుని నేర్పరు. కాలేజీకి వచ్చేసరికి నాన్న బైకు మీద పొలానికీ, నంద్యాలకీ వెళ్లొచ్చేస్తుంటారు. దారిలో గొర్రెల మంద అడ్డమొస్తే ఏం చెయ్యాలో మెదడు కన్నా ముందు చేతులకే తెలుసు. యాక్సిలరేటర్ వదిలేస్తాయి, బ్రేకు నొక్కుతాయి, హ్యాండిల్ తిప్పుతాయి.

అదే కుర్రాడు సెలవుల్లో రుషికొండకో గోవాకో వెళ్లి జెట్ స్కీ ఎక్కాడనుకోండి. బైకు లాంటి హ్యాండిల్, బైకు లాంటి సీటు, కుడిచేతి దగ్గర యాక్సిలరేటర్. 'ఓస్, ఇంతేనా! మన బండే కదా' అనిపిస్తుంది. చిక్కు మొదలయ్యేది అక్కడే. రోడ్డు మీద కాపాడే అలవాటే నీటి మీద ప్రాణం మీదికి తెస్తుంది.

ధార ఆగితే దారి తప్పుతుంది

మామూలు మోటారు బోటును వెనకాల తిరిగే రెక్కలు నెడతాయి. జెట్ బోటుకు బయట రెక్కలుండవు. అడుగున ఉన్న జాలీ గుండా పంపు నీళ్లను లోపలికి లాగి, వెనక నాజిల్ గుండా బలంగా చిమ్ముతుంది. మోటారు వెయ్యగానే చేతిలోని పైపు వెనక్కి తన్నడం పొలం పని చేసినవాళ్లకు అనుభవమే. బోటును ముందుకు తోసేదీ ఆ తన్నే. న్యూజిలాండ్‌కు చెందిన విలియం హామిల్టన్ తమ ప్రాంతంలోని లోతు తక్కువ నదుల కోసం 1950లలో ఇలాంటి బోట్లు తయారుచేశాడు. ఎవరెస్ట్ వీరుడు ఎడ్మండ్ హిల్లరీ 1977లో గంగానదికి ఎదురు ప్రయాణం చేసింది జెట్ బోట్లలోనే.

హ్యాండిల్ తిప్పితే తిరిగేది చక్రమూ కాదు, చుక్కానీ కాదు. ఆ నాజిలే తిరుగుతుంది. యాక్సిలరేటర్ వదిలేస్తే ధార పడిపోతుంది. ధార లేకపోతే హ్యాండిల్ ఎంత తిప్పినా బోటు మాట వినదు. అలాగని ఆగిపోదు కూడా. అప్పటిదాకా ఎటు పోతోందో అటే జారుకుంటూ పోతుంది. ఎదురుగా ఈతగాళ్లున్నా, రాయి ఉన్నా, మరో బోటున్నా అంతే. కాబట్టి తప్పించుకోవాలంటే కొంత యాక్సిలరేటర్ ఇస్తూనే హ్యాండిల్ తిప్పాలి. భయం వేసిన క్షణంలో ఇది గుర్తు రాదు. అందుకే ఖాళీగా ఉన్నచోట, తక్కువ వేగంలో పదిసార్లు తిప్పి చూసుకున్నాకే ముందుకెళ్లాలి.

2009 నుంచి కొన్ని మోడళ్లకు బ్రేకు ఏర్పాటు వచ్చింది. అద్దెకిచ్చే ప్రతి బోటుకూ అది ఉంటుందనుకోకూడదు. బ్రేకున్నా లేకున్నా దూరమే రక్ష. స్నానాలు చేసేవాళ్ల దరిదాపులకు వేగంగా వెళ్లకూడదు. ముందు వెళ్తున్న బోటును అంటుకుని పోకూడదు.

మార్చుకోవాల్సిన అలవాటు ఇంకొకటుంది. రోడ్డు మీద మనం ఎడమకు తప్పుకుంటాం. నీటి మీద రెండు మోటారు బోట్లు ఎదురెదురుగా వస్తే రెండూ కుడివైపుకే తప్పుకోవాలి. దాటి వెళ్లాలనుకునే బోటే పక్కకు జరగాలి.

తాడు మణికట్టుకే

బోటు తాళం దగ్గర చిన్న తాడు ఉంటుంది. ఒక కొస స్విచ్చుకు, రెండో కొస నడిపేవారి మణికట్టుకో లైఫ్ జాకెట్టుకో తగిలించాలి. మనిషి నీళ్లలో పడితే తాడు ఊడొచ్చి ఇంజిన్ ఆగిపోతుంది. తగిలించుకోకపోతే మనిషి ఇక్కడ, బోటు ఎక్కడో!

లైఫ్ జాకెట్టు సంగతి చెప్పనక్కర్లేదు అనుకుంటాం. కానీ హెల్మెట్‌ను పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని తిరిగే అలవాటు మనది. 'బావిలో ఈత కొట్టినోడికి ఇదెందుకు?' అనే ధీమా ఒకటి. వేగంగా పోతూ పడితే నీళ్లు కూడా గట్టిగానే తగులుతాయి. స్పృహ తప్పినవాణ్ని తేల్చేది ఈత కాదు, జాకెట్టే. కొలతకు సరిపోయేది తీసుకుని, పట్టీలన్నీ బిగించాలి. పిల్లలకు పిల్లల జాకెట్టే వెయ్యాలి.

నీళ్లను లాగే జాలీ చున్నీని, పొడవాటి జడను, తాడును కూడా లాగేస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా బోటు వెనక్కి వెళ్లకూడదు. నాజిల్ ధార నేరుగా తగిలితే లోపలి అవయవాలకే దెబ్బ. వెనక కూర్చున్నవాళ్లు జారిపోయే ప్రమాదం ఎక్కువ కనుక గట్టిగా పట్టుకోవాలి. మందమైన ఈత దుస్తులు వేసుకోవాలి. బోటు మీద రాసిన సంఖ్యను మించి ఒక్కరు కూడా ఎక్కకూడదు. నడుము లోతైనా లేనిచోట ఇంజిన్ వేస్తే ఇసుక, గులకరాళ్లు పంపులోకి పోతాయి. బోటు తిరగబడితే వెనక వైపున్న గుర్తు చూసి, అది చూపిన వైపుకే తిప్పాలి. పెట్రోలులో మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మిగతాది ఆపదకు.

నీళ్లకు ముఖం వాచిన సీమలో ఈ జాగ్రత్తలు ఎందుకంటారా? 1860లలో తవ్విన కేసీ కెనాల్‌ను సేద్యంతో పాటు పడవల రాకపోకలకూ ఉద్దేశించారు. నేడు కోయిలకుంట్లకు పడమట అవుకు జలాశయముంది. కడప జిల్లాలో గండికోట ఉంది. ఆదివారం వస్తే పిల్లాపాపలతో అక్కడికి వెళ్లొచ్చే కుటుంబాలెన్నో. 2023 మేలో అవుకులో విహారానికి బయల్దేరిన పడవ మునిగి, నవ్వుతూ ఎక్కినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన బోటు నుంచి 26 మందే బయటపడ్డారు. అవి జెట్ బోట్లు కావు. అయినా ఏ పడవైనా అడగాల్సిన ప్రశ్నలు ఒకటే. జాకెట్లు అందరికీ ఉన్నాయా? ఎంతమందిని ఎక్కిస్తున్నారు? గాలి, వాన ఎలా ఉన్నాయి?

ఒడ్డున నిలబడి అడిగితే బోటువాడు విసుక్కోవచ్చు. 'ఏం కాదులేన్నా, ఎక్కు' అనొచ్చు. వాడి మాటకు మొహమాటపడి ఎక్కేకంటే, పిల్లలను గట్టు మీద కూర్చోబెట్టి నీళ్లను చూపించి తీసుకురావడమే మేలు. అవుకు నీళ్లు ఎక్కడికీ పోవు. వచ్చే ఆదివారం కూడా అక్కడే ఉంటాయి.