పేరులోని ఎలుగుబంటి

పైత్యనాళాల జబ్బుకు వైద్యులు రాసిచ్చిన అర్సోడియాక్సికోలిక్ ఆమ్లం బిళ్లలను ఒక సోదరి నెల రోజులుగా మానివేశారని తెలిసి కలవరపడ్డాము. అది ఎలుగుబంటి పిత్తమనీ, హరామ్ అనీ ఎవరో ఆమెకు చెప్పారట.

ఆ మాటలో కొంత చరిత్ర ఉన్నది. తూర్పు ఆసియా వైద్యులు శతాబ్దాల పాటు ఎలుగుబంటి పిత్తాన్ని ఎండబెట్టి వాడారు. 1927లో జపానులోని ఒకయామాలో షోడా అనే శాస్త్రవేత్త ఆ పిత్తం నుండే ఈ ఆమ్లాన్ని వేరుచేశారు. లాటిన్ భాషలో ఎలుగును 'ఉర్సుస్' అంటారు, పేరు అక్కడిదే. కాని నేటి కర్మాగారాలు ప్రధానంగా పశువుల పిత్తంలోని కోలిక్ ఆమ్లాన్ని పలు రసాయనిక దశలలో మార్చి దీనిని తయారుచేస్తున్నాయి.

అయితే ఆ పశువు జబీహా అయినదేనా, అంతగా మార్పు చెందిన పదార్థానికి పాత విధే వర్తిస్తుందా అన్న ప్రశ్నలు మిగులుతాయి. 'ఇస్తిహాలా' విషయంలో ధర్మవేత్తల మధ్య భేదాభిప్రాయం ఉన్నది. వీటిని ముఫ్తీ గారిని అడగాలి, పొరుగింటివారిని కాదు. గుళికల జిలాటిన్ తొడుగుపై సందేహమున్నవారికి ఇదే మందు బిళ్లగానూ దొరుకుతుంది.

జవాబు వచ్చేదాకా మందు ఆపరాదని మా అభిప్రాయం. ఈ జబ్బులో పిత్తం కాలేయంలోనే నిలిచి దానిని లోలోపల దెబ్బతీస్తుంది. దురద, అలసట తప్ప రోగికి ఏమీ తెలియకపోవచ్చు. మానివేసినా ఏమీ కాలేదనిపించడం అందువల్లనే. ఆ సోదరి ఈ వారమే వైద్యుని కలిసి, మానిన సంగతి దాచకుండా చెప్పి, రక్తపరీక్ష చేయించుకోవాలని కోరుతున్నాము.